హెచ్చరిక రంగులు, ఒంట్లో విషాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హెచ్చరిక రంగు అంటే ఏమిటి?

తనను తినబోయే జీవికి "ముట్టుకుంటే నీకే నష్టం" అని ముందుగానే తెలియజేసే రంగు. పుల్లపురుగు, ఆకు మిడత కనబడకుండా ఉండి బతుకుతాయి. అక్షింతల పురుగు, ఆరుద్ర పురుగు, జిల్లేడు మీద చారల గొంగళిపురుగు అలా కాదు. అవి ఎంత బాగా కనబడితే అంత క్షేమం.

ఇది మొదట డార్విన్‌కు తగిలిన చిక్కు. పక్షుల్లో మగవాటి సొగసుకు ఆడపక్షుల ఎంపిక కారణమని ఆయన అనుకున్నాడు. గొంగళిపురుగులు జతకట్టవు కదా, మరి వాటికి ఇంత మెరుపు ఎందుకు? 1867లో ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ జవాబు చెప్పాడు: అవి రుచికి పనికిరావు, ఆ సంగతి పక్షులకు దూరం నుంచే తెలియాలి. గొంగళిపురుగు చర్మం పలచన. పక్షి ఒక్కసారి పొడిచి వదిలేసినా అది చావవచ్చు. అందుకే ముక్కు పడకముందే గుర్తుపట్టేలా ఉండాలి. 1890లో ఎడ్వర్డ్ పౌల్టన్ దీనికి "అపోసిమాటిజం" అని పేరు పెట్టాడు.

విషం ఉంటే చాలదా? రంగు కూడా ఎందుకు?

కొరికాక బయటపడే విషం కొరికించుకున్న పురుగుకు ఆలస్యంగా అందే సాయం. రంగు ఆ కాటునే తప్పిస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. తిన్నవాణ్ణి చంపేసే విషం పాఠం నేర్పే విషయంలో అంత గొప్పదేమీ కాదు. చచ్చిన పక్షి ఏమీ గుర్తుపెట్టుకోదు, దాని చోటులోకి ఏమీ తెలియని కొత్త పక్షి వస్తుంది. వెంటనే తెలిసే చేదు, కాసేపటికి వచ్చే వాంతి, ఆ తర్వాత బతికి తిరిగే శత్రువు: ఈ మూడూ ఉంటేనే రంగుకు విలువ. హెచ్చరిక రంగు పనిచేసేది పురుగు ఒంటి మీద కాదు, శత్రువు జ్ఞాపకంలో. కింది జవాబుల్లో చాలావాటిలో ఈ మాటే తిరిగి తిరిగి వస్తుంది.

దీన్ని కళ్ళకు కట్టినట్టు చూపినవాడు లింకన్ బ్రోవర్. 1960లలో ఆయన బ్లూ జే పక్షులకు మొనార్క్ సీతాకోకచిలుకలను పెట్టాడు. మిల్క్‌వీడ్ అనే జిల్లేడు కుటుంబపు మొక్క మీద పెరిగిన మొనార్క్‌ను తిన్న పక్షి ఈకలు ఉబ్బించి, తల ఊపుతూ, కాసేపటికి కక్కేసింది. తర్వాత మొనార్క్‌ను చూస్తేనే వద్దంది. క్యాబేజీ మీద పెంచిన మొనార్క్‌లను మాత్రం ఇంకా పాఠం నేర్వని పక్షులు ఏ ఇబ్బందీ లేకుండా తిన్నాయి. రంగు అదే, రెక్కలు అవే, తేడా అంతా లార్వా తిన్న ఆకులోనే.

ఎరుపు, పసుపు, నలుపు రంగులే ఎక్కువగా ఎందుకు?

ఆకుపచ్చ నేపథ్యం మీద ఎరుపు, పసుపు విడిగా తెలుస్తాయి. పొద్దున, మధ్యాహ్నం, నీడలో వెలుగు మారినా ఈ రంగులు పెద్దగా మారవు. పక్కనే నలుపు పట్టీ ఉంటే రంగులను సరిగా పోల్చుకోలేని కళ్ళకు కూడా వెలుగు చీకట్ల తేడా దొరుకుతుంది. పండిన పండు ఎర్రగా ఉన్నా పక్షి తింటుంది కాబట్టి ఎరుపు ఒక్కటే సంకేతం కాదు. పట్టీలు, చుక్కలు, నెమ్మది నడక, వాసన అన్నీ కలిసి ఒక గుర్తు.

ఎవరి కన్ను అన్నది ఎప్పుడూ అడగాలి. పక్షులకు నాలుగు రకాల రంగు గ్రాహకాలు ఉంటాయి, చాలావాటికి అతినీలలోహిత కాంతి కూడా తెలుస్తుంది. చాలా క్షీరదాలకు ఉండేవి రెండే. రాత్రి తిరిగే క్షీరదాలను దృష్టిలో పెట్టుకుంటే స్కంక్ (కంపు ద్రవం చిమ్మే అమెరికా జంతువు) ఒంటి మీద నలుపు, తెలుపు ఎందుకున్నాయో ఇట్టే అర్థమవుతుంది.

విషం ఎక్కడి నుంచి వస్తుంది?

కొన్ని జీవులు సొంతంగా చేసుకుంటాయి, కొన్ని తిండిలోంచి తీసుకుంటాయి, కొన్నిటికి ఒంట్లో కాపురమున్న బ్యాక్టీరియా చేసిపెడతాయి.

తిండిలోంచి తీసుకునేవాటి కథ అన్నిటికన్నా లోతైనది. మొనార్క్, దానికి దగ్గరి చుట్టమైన ప్లెయిన్ టైగర్ లార్వాలు జిల్లేడు కుటుంబపు పాలలోని కార్డినోలైడ్‌లు అనే విషాలను ఒంట్లో దాచుకోగలవు. ప్యూపా దశ దాటినా అవి పోవు, రెక్కల్లో సైతం ఉంటాయి. అది చాలనట్టు ఈ కుటుంబపు మగ సీతాకోకచిలుకలు జనుము జాతి మొక్కల వాడిన కొమ్మల మీద, ఆకుల మీద వాలి పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్‌లు అనే చేదు విషాలను పీల్చుకుంటాయి. ఆడదాన్ని ఆకర్షించే వాసన వాటితోనే తయారవుతుంది. యుటెథీసా అనే చిమ్మటలో మగది వీర్యంతో పాటు ఈ ఆల్కలాయిడ్‌లను ఆడదానికి ఇస్తుంది, అది వాటిని గుడ్లకు అందిస్తుంది. అంటే తండ్రి తిన్న మొక్క పుట్టని పిల్లలను కాపాడుతోంది.

కొలంబియాలోని బంగారు డార్ట్ కప్ప చర్మంలో బాట్రకోటాక్సిన్ ఉంటుంది. నరాల్లో సోడియం ద్వారాలను మూసుకోనివ్వకుండా తెరిచి ఉంచే విషం అది. ఈ కప్పలను పెంపకంలో ఈగలు, కీచురాళ్ళు పెట్టి పెంచితే ఆ విషం రాదు. డార్ట్ కప్పల చర్మంలోని ఆల్కలాయిడ్‌లు చీమలు, మైట్‌లు అనే అతిచిన్న నల్లులు, చిన్న పెంకుపురుగుల వంటి తిండి నుంచి వస్తాయి. అడవిలో పట్టిన కప్పకు మాత్రం పెంపకంలోనూ ఏళ్ళ తరబడి విషం నిలుస్తుంది కాబట్టి "పెంపుడు కప్ప కదా" అని పట్టుకోవడానికి ముందు అది ఎక్కడ పుట్టిందో కనుక్కోవాలి. 1992లో ఇదే కుటుంబపు విషాన్ని న్యూగినీలోని పిటోహుయ్ పక్షి ఈకల్లో, చర్మంలో కనుగొన్నారు. అక్కడా మూలం పెంకుపురుగులే.

జపాన్‌లోని రాబ్డోఫిస్ టైగ్రినస్ పాము టోడ్ కప్పలను తిని వాటి విషాన్ని మెడ మీది గ్రంథుల్లో నింపుకుంటుంది. టోడ్‌లు లేని కింకజాన్ దీవిలో ఈ పాములకు ఆ విషం లేదు. విషమున్న పాము శత్రువుకు మెడ చూపించి నిలబడుతుంది, లేని పాము ఎక్కువగా పారిపోవడానికే చూస్తుంది. తన దగ్గర ఎంత సరుకుందో దాని నడవడికలోనే తెలిసిపోతుందన్నమాట.

తమ విషం తమనే ఎందుకు చంపదు?

రెండు దారులున్నాయి. మొదటిది విషం తగిలే చోటునే మార్చుకోవడం. కార్డినోలైడ్ కణాల్లోని సోడియం-పొటాషియం పంపుకు అతుక్కుని దాన్ని ఆపేస్తుంది. మొనార్క్‌లో ఆ పంపు ప్రోటీన్‌లో 111, 119, 122 స్థానాల్లో అమైనో ఆమ్లాలు మారాయి కాబట్టి విషానికి పట్టు దొరకదు. 2019లో పండ్ల ఈగ జన్యువులో ఇవే మార్పులు చేసి చూశారు. ఆ ఈగలు కార్డినోలైడ్‌ను తట్టుకున్నాయి.

రెండోది విషాన్ని విడి భాగాలుగా దాచడం. పట్టీల రోకలిబండల్లో కొన్ని సయనైడ్‌ను తయారుగా పెట్టుకోవు. మాండెలోనైట్రైల్ ఒక గదిలో, దాన్ని విడగొట్టే ఎంజైమ్ ఇంకో గదిలో ఉంటాయి. బెదిరినప్పుడు రెండూ కలిసి హైడ్రోజన్ సయనైడ్, బెంజాల్డిహైడ్ వస్తాయి. అలాంటి రోకలిబండను తాకితే బాదం వాసన రావడానికి కారణం ఆ బెంజాల్డిహైడే.

బాంబార్డియర్ పెంకుపురుగు నిజంగా పేలుతుందా?

పేలుతుంది, చప్పుడు చెవికి వినబడుతుంది. కడుపు చివర రెండు జతల గదులుంటాయి. లోపలి సంచిలో హైడ్రోక్వినోన్‌లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసే ఉంటాయి కానీ ఎంజైమ్ లేనందున ఊరుకుంటాయి. బయటి గది గోడలు మందం, లోపల కాటలేజ్, పెరాక్సిడేజ్ సిద్ధంగా ఉంటాయి. పురుగు కండరం బిగించగానే కవాటం తెరుచుకుని ద్రవం బయటి గదిలో పడుతుంది. పెరాక్సైడ్ విడిపోయి ఆక్సిజన్ పుడుతుంది, హైడ్రోక్వినోన్ మంట పుట్టించే బెంజోక్వినోన్ అవుతుంది, వేడి దాదాపు 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది.

అందులోని మెలిక కవాటంలో ఉంది. పేలుడు ఒత్తిడికి కవాటం దానంతటదే మూసుకుంటుంది, ఒత్తిడి తగ్గగానే మళ్ళీ తెరుచుకుంటుంది. ఇలా సెకనుకు సుమారు 500 చిన్న పేలుళ్ళుగా చిమ్ముతుంది. రెండు చిమ్ముల మధ్య గది కాస్త చల్లబడుతుంది కాబట్టి పురుగు ఉడికిపోదు. కడుపు కొసను తిప్పి తన కాలు పట్టుకున్న చీమ మీదికి సైతం గురిపెట్టగలదు.

మింగేసినా పోరాటం ముగియదు. 2018లో జపాన్‌లో చేసిన ప్రయోగంలో ఒక జాతి బాంబార్డియర్‌ను మింగిన టోడ్‌లలో 43 శాతం దాన్ని కక్కేశాయి. కొన్ని 12 నిమిషాలకు, కొన్ని 107 నిమిషాలకు. పురుగులు బతికే బయటపడ్డాయి.

అక్షింతల పురుగును పట్టుకుంటే వేలి మీద పసుపు చుక్క ఎందుకు పడుతుంది?

అది మూత్రం కాదు, రక్తం. కాళ్ళ కీళ్ళ దగ్గర పలచని పొర చిట్లి రక్తం చుక్కగా ఊరుతుంది. ఏడు చుక్కల జాతిలో అందులో కాక్సినెల్లిన్ అనే చేదు ఆల్కలాయిడ్ ఉంటుంది, చీమల నోళ్ళకు బంకలా పట్టుకుంటుంది కూడా. పురుగును వేలి మీద పెట్టుకుని వాసన చూడండి: పచ్చి బఠాణీ తొక్కలాంటి ఘాటు తగులుతుంది. అది పైరజీన్. మన ముక్కుకు దాని అత్యల్ప మోతాదు కూడా తెలుస్తుంది. ద్రాక్ష పళ్ళతో పాటు ఈ పురుగులు నలిగితే వైన్ మొత్తానికి ఆ వాసన పడుతుంది.

రంగు, వాసన, చేదు మూడూ కలిసి రావడం వల్ల పక్షి జాగ్రత్త పడటం తేలికవుతుంది. ఒక్క రంగే అయితే మర్చిపోవచ్చు.

పక్షులకు ఇది పుట్టుకతో వస్తుందా, నేర్చుకుంటాయా?

ఎక్కువగా నేర్చుకుంటాయి. పుట్టుకతో వచ్చే ఉదాహరణా ఉంది: మధ్య అమెరికాలోని మోట్‌మోట్ పక్షులను గూటి నుంచి చేతి మీద పెంచి, పగడపు పాములా పసుపు, ఎరుపు ఉంగరాలు వేసిన పుల్ల చూపితే అవి దూరం జరిగాయి. అవే ఉంగరాలు ఆకుపచ్చ, నీలం రంగుల్లో వేస్తే పొడిచాయి. ఇది 1975 నాటి ప్రయోగం. పగడపు పాము కాటు ఒక్కసారి పడితే నేర్చుకోవడానికి పక్షి మిగలదు, కాబట్టి అక్కడ పుట్టుకతో వచ్చే భయానికే అర్థముంది. పురుగుల విషయంలో రెండో అవకాశం ఉంటుంది.

గ్రేట్ టిట్ పక్షులు తోటిపక్షి తల విదిల్చి ముక్కు రుద్దుకోవడం చూసి కూడా నేర్చుకుంటాయి. అయినా ఏటా గూళ్ళు వదిలిన కుర్ర పక్షులు గుంపుగా వస్తాయి, ఆ రోజుల్లో రంగు పురుగులకు కష్టకాలం.

మొదటి రంగు పురుగు ఎలా బతికింది? అప్పటికి ఏ పక్షికీ ఆ రంగు తెలియదు కదా?

ఈ ప్రశ్నకు ఒక్క జవాబు చాలదు. 1930లో రోనాల్డ్ ఫిషర్ తోబుట్టువులు గుంపుగా ఉంటే ఒకటి చచ్చినా మిగతావి బతుకుతాయని చెప్పాడు. అది నిజమే, కానీ ఒంటరిగా బతికే రంగు జీవులూ చాలా ఉన్నాయి. నా దృష్టిలో ఇంకా బలమైన కారణాలు రెండు. చాలా పక్షులు ఎన్నడూ చూడని తిండిని రోజుల తరబడి అనుమానంగా దాటవేస్తాయి. విషమున్న జీవులు చాలాసార్లు గట్టివి, పక్షి రుచి చూసి వదిలేసినా నడిచి వెళ్ళిపోతాయి.

దాచి చూపించడమూ ఒక మెట్టు. నిప్పుపొట్ట టోడ్ పైకి బురద రంగు, బెదిరితే నడుము వంచి ఎర్ర పొట్ట చూపుతుంది. నీలి ఉంగరాల ఆక్టోపస్ మామూలుగా రాతి రంగులో ఉండి, కండరాలు సడలించి, బిగించి ఉంగరాలను క్షణంలో వెలిగిస్తుంది.

నకిలీలు ఉంటే వ్యవస్థ చెడిపోదా?

చెడిపోతుంది, అందుకే వాటికి హద్దుంది. విషం లేని జీవి విషమున్నదాని వేషం వేయడాన్ని 1862లో హెన్రీ వాల్టర్ బేట్స్ వివరించాడు. డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడ సీతాకోకచిలుక ప్లెయిన్ టైగర్‌ను, కామన్ మోర్మన్ సీతాకోకచిలుక ఆడవాటిలో ఒక రూపం విషమున్న కామన్ రోజ్‌ను పోలి ఉంటాయి. నకిలీలు పెరిగేకొద్దీ పక్షికి ఎక్కువసార్లు మంచి రుచే దొరుకుతుంది, పాఠం చెరిగిపోతుంది. కామన్ మోర్మన్‌లో కొన్ని ఆడవి మగదానిలాగే ఉండిపోవడానికి ఇదొక కారణంగా చెబుతారు.

విషమున్న రెండు జాతులు ఒకే వేషం పంచుకోవడం వేరే సంగతి. ఫ్రిట్జ్ ముల్లర్ 1870ల చివర్లో లెక్క వేసి చూపాడు: పక్షి పాఠం నేర్చుకునేలోగా జరిగే బలిని రెండు జాతులూ పంచుకుంటాయి. కందిరీగల పసుపు నలుపు పట్టీలు చాలా జాతుల్లో దాదాపు ఒకేలా ఉండటం ఇందుకే.

ఇంత విషమున్నా తినేవి ఉన్నాయా?

ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో ఉపాయంతో. మెక్సికోలో చలికాలం గడిపే మొనార్క్‌లను బ్లాక్-హెడెడ్ గ్రాస్‌బీక్ పక్షి విషాన్ని తట్టుకుని తింటే, ఓరియోల్ విషం ఎక్కువగా ఉండే పైపెంకు వదిలి లోపలి మెత్తని భాగం ఏరుకుంటుంది. ఎలియోడెస్ పెంకుపురుగు తలకిందులుగా నిలబడి తోక నుంచి క్వినోన్ చిమ్ముతుంది. గ్రాస్‌హాపర్ ఎలుక దాన్ని పట్టుకుని తోకను ఇసుకలో గుచ్చి, చిమ్మేదంతా ఇసుకలోకి పోనిచ్చి, తల వైపు నుంచి తింటుంది. టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉన్న గరుకు చర్మపు న్యూట్‌ను (బల్లిలా కనబడే ఉభయచరం) గార్టర్ పాము మింగగలదు, దాని సోడియం ద్వారాలు మారిపోయాయి కాబట్టి. మింగాక గంటల తరబడి మందకొడిగా పడి ఉంటుంది.

చరిత్ర లేనిచోట ఏమవుతుందో ఆస్ట్రేలియా చూపింది. 1935లో చెరకు పురుగుల కోసం తెచ్చిన కేన్ టోడ్ విషం అక్కడి క్వోల్‌లకు (పిల్లి అంత ఉండే, మాంసం తినే సంచి జంతువులు) తెలియదు, తిని చచ్చాయి. తర్వాత టోడ్ మాంసంలో వాంతి తెప్పించే మందు కలిపి క్వోల్‌లకు పెట్టి చూశారు. చావకుండా ఒంట్లో బాగోకపోవడం వల్ల అవి టోడ్‌ను వదిలేయడం నేర్చుకున్నాయి. అక్కడి రకాలి నీటి ఎలుకలు సొంతంగానే టోడ్ ఛాతీ చీల్చి గుండె, కాలేయం ఏరుకుని తినడం మొదలుపెట్టాయి.

రాత్రిపూట రంగు ఏం పనికొస్తుంది?

గబ్బిలానికి రంగు అక్కర్లేదు. అందుకే టైగర్ చిమ్మటలు దాని అరుపు వినగానే ఛాతీ పక్కనున్న పొరలను టకటకలాడించి శబ్దంతో హెచ్చరిస్తాయి. చేదు చిమ్మటను ఒకసారి నోట పెట్టిన గబ్బిలం తర్వాత ఆ శబ్దానికే పక్కకు తప్పుకుంటుంది. కాలిఫోర్నియాలోని మోటిక్సియా రోకలిబండలకు కళ్ళు లేవు, కానీ ఒళ్ళు వెలుగుతుంది. ఆ వెలుగు పూర్తిగా ఎదుటివారి కోసమే.

ఒంటికి అంటితే ఏం చేయాలి?

ఎరుపు నలుపు పట్టీల సన్నని పేడెరస్ పురుగు రాత్రి దీపాలకు వస్తుంది. కుట్టదు, కరవదు. ఒంటి మీద నలిపితేనే రక్తంలోని పెడెరిన్ చర్మానికి అంటుతుంది. అప్పుడేమీ తెలియదు, ఒకరోజు తర్వాత గీతలా ఎర్రబడి బొబ్బలు లేస్తాయి. కొట్టవద్దు: ఊదండి, లేదా కాగితం మీదికి ఎక్కించి తీసేయండి. నలిగితే వెంటనే సబ్బు నీళ్ళతో కడిగి, ఆ చేత్తో కళ్ళు ముట్టుకోకండి. కంటికి అంటినా, బొబ్బలు పెద్దవైనా డాక్టర్‌కు చూపించాలి.

గొంగళిపురుగు వెంట్రుకలు గుచ్చుకుంటే రుద్దకూడదు, రుద్దితే విరిగి లోతుకు దిగుతాయి. అంటుకునే టేప్‌ను మెల్లగా వేసి ఎత్తండి, చోటు మార్చి కొత్త ముక్కతో నాలుగైదు సార్లు అలాగే చేసి, తర్వాత కడగండి. ఊపిరి ఆడకపోయినా, మొహం వాచినా ఆసుపత్రికి వెళ్ళాలి.

స్కంక్ చిమ్మిన కుక్కకు టమాటా రసం పనిచేయదు, ఆ వాసన మీద ఇంకో వాసన వేస్తుందంతే. వాసనకు కారణం థయాల్‌లు, వాటిని ఆక్సీకరణ చేయాలి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 1 లీటరు, వంట సోడా 60 గ్రాములు, గిన్నెలు తోమే ద్రవం 1-2 టీస్పూన్లు అప్పటికప్పుడు కలిపి, కళ్ళకు, నోటికి తగలకుండా రాసి, 5 నిమిషాల తర్వాత కడగాలి. మిగిలింది సీసాలో మూతపెట్టి దాచవద్దు, ఆక్సిజన్ ఊరి సీసా పగులుతుంది. స్ప్రేలోని థయోఅసిటేట్‌లు తడి తగిలినప్పుడు మెల్లగా థయాల్‌లుగా మారతాయి, అందుకే సరిగా కడగని కుక్క ఎప్పుడు తడిసినా మళ్ళీ కంపు కొడుతుంది.

హెచ్చరిక రంగు పనిచేస్తోందో లేదో స్వయంగా పరీక్షించవచ్చా?

గట్టిపడని ప్లాస్టిసిన్ మట్టితో చేయవచ్చు. 3 సెంటీమీటర్ల పొడవు, 4-5 మిల్లీమీటర్ల మందంతో నకిలీ గొంగళిపురుగులు చేయండి: సగం ఆకుపచ్చవి, సగం పసుపు మీద నల్ల పట్టీలవి. సన్నని తీగతో కొమ్మకు కట్టండి. ఒకదానికీ ఇంకోదానికీ కనీసం 5 మీటర్ల దూరం ఉండాలి, ఏ చోట ఏ రంగో నాణెం ఎగరేసి నిర్ణయించాలి. 24, 48, 72 గంటలకు చూడండి. కాటు పడినదాన్ని నమోదు చేసి తీసేయాలి.

పక్షి ముక్కు గుర్తు V ఆకారపు గంటు లేదా ఎదురెదురు నొక్కులు. ఎలుక పళ్ళవి జంట గాట్లు. చీమలవి సూదిమొన అంత గుంటలు. ఈ మూడింటినీ కలిపి లెక్కేయడమే అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు, ఎందుకంటే చీమ రంగు చూసి రాదు. పక్షి గుర్తులనే రంగులవారీగా పోల్చాలి.

ఎండకు మట్టి మెత్తబడి ఆకు గీతలు కాటులా కనబడతాయి, కాబట్టి నీడలో కట్టి, కట్టిన వెంటనే ఒక్కోదానికీ ఫొటో తీసుకోండి. అదే చోట వారాల తరబడి పెడితే పక్షులు "ఇది మట్టి" అని నేర్చుకుంటాయి, అప్పుడు రెండు రంగులనూ వదిలేస్తాయి. ఒక్కో రంగుకు 40 పెట్టి, 8కీ 4కీ తేడా వచ్చిందని సంబరపడకండి. అంత తేడా ఉత్తినే కూడా వస్తుంది. ఒక్కో రంగుకు 100కు తగ్గకుండా పెట్టండి, కుర్ర పక్షులు గూళ్ళు వదిలే రోజుల్లో ఒకసారి, రెండు నెలల తర్వాత మరోసారి చేయండి. రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టినప్పుడే పక్షులు నేర్చుకుంటున్న తీరు కనబడుతుంది.

మెరిసే రంగు ఉంటే మనుషులకు ప్రమాదమనీ, లేకపోతే కాదనీ అనుకోవచ్చా?

రెండూ తప్పే. స్టోన్‌ఫిష్ రాయిలా ఉంటుంది, దాని ముళ్ళ విషం భయంకరం. కందిరీగ వేషం వేసిన హోవర్ ఈగ ఏమీ చేయదు. ఆ రంగులు దిద్దింది పక్షులు, బల్లులు, చేపల కళ్ళ కోసం, వాటి కడుపుల కోసం. న్యూట్‌ను మింగి బతికే పాము ఉంది, అదే న్యూట్‌ను మింగితే మనిషి చనిపోవచ్చు. పేరు తెలియని జీవిని నోట పెట్టకండి, ఒట్టి చేత్తో పట్టుకోకండి, పట్టుకుంటే కళ్ళు నలుపుకునే ముందు చేతులు కడుక్కోండి.